జ్వరం తగ్గిన మనిషికి ఎనిమిదో రోజు ఆయాసం ఎందుకొచ్చింది?

పరకాల నుంచి మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2021 మే నెలలో మీ బావగారికి కోవిడ్ జ్వరం వచ్చింది. వయసు 41, బీపీ లేదు, షుగర్ లేదు. రెండో రోజే ఊళ్లో ఆర్‌ఎంపీ డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) ఇంజెక్షన్ చేసి, ఐదు రోజులకు స్టెరాయిడ్ గోలీలు ఇచ్చాడు. నాలుగో రోజుకు జ్వరం దిగింది. అన్నం తిన్నాడు, పొలం కాడికి కూడా పోయొచ్చాడు. ఎనిమిదో రోజు తెల్లారేసరికి ఆయాసం, ఆక్సిజన్ 82. హన్మకొండలో చేర్పిస్తే పదమూడో రోజు పోయాడు. "వైరస్ ఎప్పుడో తగ్గిపోయిందమ్మా, ఆయన ఇమ్యూనిటీయే ఆయన మీద ఎదురు తిరిగింది" అని అక్కడి డాక్టర్ అన్న మాట మీ అక్కకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. మీరు అడిగినవి మూడు. మనల్ని కాపాడాల్సిన శక్తి మనల్నే ఎలా చంపుతుంది? రెండో రోజు వేసిన ఇంజెక్షన్ వల్లే ఇదంతా జరిగిందా? స్పైక్ ప్రోటీన్ విషమంటున్నారు, తరువాత టీకా వేసుకున్న అక్కకు ఏమైనా అవుతుందా? చివర్లో మీ మేనల్లుడి జ్వరం గురించీ ఒక ముక్క రాశారు, దానికీ వస్తాను.

నేను ఊపిరితిత్తుల డాక్టర్ని. హన్మకొండలోనే పనిచేస్తాను. రెండు వేవ్‌లలోనూ కోవిడ్ వార్డులోనే ఉన్నాను. మీ బావగారిలాంటి కేసులు ఎన్ని చూశానో లెక్కపెట్టుకోలేదు, కానీ ఆ ఎనిమిదో రోజు అనే మాట వింటే ఇప్పటికీ నాకు గుండె జారినట్టవుతుంది.

ఆ డాక్టర్ అన్నదాంట్లో సగం నిజం ఉంది. కానీ ఆ చెప్పిన తీరుకు, మీ బావగారికి ఇమ్యూనిటీ మరీ ఎక్కువై పోయాడన్నట్టు వినబడుతుంది. ఎక్కువ కావడం కంటే ఆలస్యం కావడమే అసలు సంగతి. రావాల్సిన రోజున రాలేదు, వచ్చిన రోజున పట్టపగ్గాల్లేకుండా వచ్చింది. ఆ ఆలస్యం చేయించేది వైరస్ తయారుచేసే ప్రోటీన్లే.

మాది జమ్మికుంట. చిన్నప్పుడు మా ఇంటి వెనక జిన్నింగ్ మిల్లు ఉండేది. పత్తిని ప్రెస్సులో వేసి బేలు కట్టేటప్పుడు ఒక్కోసారి నిప్పురవ్వ ఒకటి లోపలే ఉండిపోతుంది. బయటికి పొగ రాదు, వాసన రాదు. గట్టిగా అదిమిన పత్తిలో గాలి ఆడదు కాబట్టి రవ్వ మంట కాదు, అలాగని ఆరిపోనూ ఆరిపోదు. లోలోపల రాజుకుంటూ ఉంటుంది. రెండు మూడు రోజులకు హమాలీలు బేలు కదిలిస్తేనో, కట్టు తెంపితేనో భగ్గుమంటుంది. అప్పుడిక గోదాము మొత్తానికి నీళ్లు కొడతారు. కాలేది పది బేళ్లయితే నీళ్లకు పాడయ్యేది వంద. కోవిడ్ ముదిరిన ఊపిరితిత్తి సీటీ ఫిల్మును లైటుకు పెట్టి చూసినప్పుడల్లా నాకు ఆ గోదామే గుర్తొచ్చేది.

ఇప్పుడు ఆ రవ్వ ఎలా దాక్కుంటుందో చెబుతాను. కరోనా వైరస్ జన్యువు ఒక ఆర్‌ఎన్‌ఏ దారం, సుమారు 30,000 అక్షరాల పొడవు. దాని నుంచి 29 దాకా ప్రోటీన్లు తయారవుతాయి. జనానికి తెలిసింది స్పైక్ ఒక్కటే, బొమ్మల్లో ముళ్లలా కనబడేది అదే కాబట్టి. వైరస్ ఒంటిని కట్టేవి నాలుగు: స్పైక్, ఎన్వలప్, మెంబ్రేన్, న్యూక్లియోక్యాప్సిడ్. మిగిలినవాటిలో చాలావరకు వైరస్ మన కణంలో దూరాకే తయారై అక్కడే పనిచేస్తాయి. మీ బావగారి కథను నేనైతే స్పైక్‌తో కాదు, ఈ కనబడనివాటితో మొదలుపెడతాను.

కణంలోకి వైరస్ దూరితే ఆ కణం మొదట చేసే పని ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను బయటికి వదలడం. ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసినట్టే. అది విన్న పక్క కణాలు తలుపులు బిగించుకుంటాయి, రక్షణ కణాలు కదులుతాయి. మామూలు జలుబు వైరస్‌లలో ఈ చాటింపు గంటల్లో మొదలవుతుంది. మనకు ఒళ్లునొప్పులు, చలి, నీరసం పుట్టేది చాలావరకు ఈ చాటింపు వల్లే.

కరోనా ఈ డప్పునే పట్టుకుంటుంది, అదీ ఒక చోట కాదు. ఎన్‌ఎస్‌పీ1 అనే ప్రోటీన్ సంగతి చూడండి. మన కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం రైబోజోమ్. సందేశం మోసుకొచ్చే ఎంఆర్‌ఎన్‌ఏ దారం ఆ యంత్రంలో ఒక సన్నని సందు గుండా దూరాలి. ఎన్‌ఎస్‌పీ1 తన తోక భాగాన్ని సరిగ్గా ఆ సందులో పెట్టి బిరడాలా బిగిస్తుంది. ఇంటర్‌ఫెరాన్ తయారుచేయమని కబురొచ్చినా తయారయ్యే చోటు మూతపడి ఉంటుంది. వైరస్ సొంత సందేశాలకు మాత్రం మొదట్లో ఒక గుర్తు ఉంటుంది, దాంతో అవి ఆ అడ్డును తప్పించుకుంటాయి. ఇంత సన్నటి పనితనం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఓఆర్‌ఎఫ్9బి అనే ఇంకొకటి కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మీద టామ్70 అనే ప్రోటీన్‌ను పట్టుకుని కూర్చుంటుంది. వైరస్ వచ్చిందన్న కబురు దాన్ని దాటే పోవాలి, మధ్యలోనే ఆగిపోతుంది. ఓఆర్‌ఎఫ్6 కేంద్రకం గుమ్మం దగ్గర అడ్డం పడుతుంది. పక్క కణం నుంచి ఇంటర్‌ఫెరాన్ చాటింపు అందినా, దాన్ని లోపలికి మోసుకెళ్లే స్టాట్1 అనే ప్రోటీన్ ఆ గుమ్మం దాటలేదు.

కొందరి ఒంట్లో దీనికి తోడు ఇంకో దురదృష్టం ముందే ఉంటుంది. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ప్రాణాపాయంగా కోవిడ్ వచ్చిన 987 మందిని పరీక్షిస్తే 101 మంది రక్తంలో తమ సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పట్టి పనిచేయకుండా చేసే యాంటీబాడీలు కనబడ్డాయి. ఆ 101 మందిలో 95 మంది మగవాళ్లు. లక్షణాలు లేకుండానో, స్వల్పంగానో సోకిన 663 మందిలో ఒక్కరికీ అవి లేవు. బీపీ, షుగర్ లేని గట్టి మనిషి ఎందుకు కూలిపోయాడని ప్రతి ఇంట్లోనూ అడిగారు. అలాంటివాళ్లలో కొందరికి జవాబు ఇదే. బయటికి ఏ లోపమూ కనబడదు, చాలామందికి అంతకు ముందు ఇబ్బంది పెట్టదు, ఈ వైరస్ వచ్చిన రోజే బయటపడుతుంది.

డప్పు మోగకపోతే మనిషికి ఒంట్లో బాగానే ఉన్నట్టుంటుంది. ఆ మోసం ఎంతటిదో ఒక మనిషిని చూసి తెలుసుకున్నాను. కాజీపేట వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవర్, నలభై దాటిన మనిషి, జ్వరం మొదలై ఏడో రోజు. నేను పోయేసరికి మంచం మీద కాళ్లు వేలాడేసి కూర్చుని, మాస్కు గదమ కిందికి లాగి ఫోన్ మాట్లాడుతున్నాడు. లోడు ఎక్కడ దించాలో ఎవరికో చెబుతున్నాడు. "నాకేం గాలే సారూ, బాగనే ఉన్న. ఆకలైతలేదు, గంతే. ఇంటికి పంపుండ్రి" అన్నాడు. వేలికి పెట్టిన ఆక్సిమీటర్ 81 చూపిస్తోంది. యంత్రం తప్పేమోనని వేలు మార్చాను, 80. గోళ్ల కింద నీలం కమ్మింది. ఛాతీ చూస్తూ నిమిషం లెక్కపెడితే 34 శ్వాసలు. ఎక్స్‌రేలో రెండు పక్కలా కింది భాగాలు దూది పరిచినట్టు తెల్లగా ఉన్నాయి. అంత దెబ్బ తిన్న ఊపిరితిత్తులతో ఆ మనిషి లోడు గురించి ఆలోచిస్తున్నాడు. మీ బావగారు నాలుగో రోజు పొలం పోయొచ్చాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఈ నిశ్శబ్దంలో వైరస్ పెరిగిపోతుంది. పెరిగాక మొదలయ్యేది రెండో అంకం. ఇక్కడ అవే వైరస్ ప్రోటీన్లలో కొన్ని రెచ్చగొట్టే పని చేస్తాయి. న్యూక్లియోక్యాప్సిడ్ ప్రోటీన్ మన కణాల్లో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రమాద గంటను నేరుగా కదిలిస్తుందని ప్రయోగాల్లో చూశారు. ఎన్వలప్ ప్రోటీన్, ఓఆర్‌ఎఫ్3ఏ ప్రోటీన్ కూడా అదే గంటను మోగించగలవు. ఆ గంట మోగిన కణం ఊరికే చావదు, పగిలి చస్తుంది. లోపలున్న సరుకంతా చుట్టూ చిమ్ముతుంది, దానికి పక్క కణాలు రెచ్చిపోతాయి. ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి మంట (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించే పదార్థాలు రక్తంలో పొంగుతాయి. 2020లోనే ఫ్రాన్స్ పరిశోధకులు తీవ్రమైన రోగుల రక్తంలో ఈ రెండూ కలిసి కనబడటం చూపించారు: ఇంటర్‌ఫెరాన్ అడుగంటింది, ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ మాత్రం పైకి పోయాయి. మీ అక్క దగ్గరున్న రిపోర్టుల్లో సీఆర్‌పీ అని ఒక అంకె ఉంటుంది. కాలేయం దాన్ని తయారుచేసేది ఐఎల్-6 కబురు మీదే. అందుకే మేం రోజూ దాన్ని చూసేవాళ్లం.

యాంటీబాడీలు కూడా ఈ దశలో పాత్ర మారుస్తాయి. డెంగీని మనం ప్రతి వానాకాలం చూస్తాం కదా. రెండోసారి వేరే రకం డెంగీ సోకితే పాత యాంటీబాడీలే వైరస్‌ను మోనోసైట్ అనే తెల్లకణాల్లోకి మోసుకెళ్లి జబ్బు ముదిరేలా చేయవచ్చు. కోవిడ్‌లో జరిగేది దానికి దగ్గరగా ఉంటుంది కానీ అదే కాదు. 2022లో వచ్చిన ఒక పరిశోధనలో కోవిడ్ రోగుల రక్తంలోని మోనోసైట్లలో సుమారు 6 శాతం వైరస్ దూరినవే. యాంటీబాడీ అంటుకున్న వైరస్‌ను అవి మింగాయి. లోపల వైరస్ పూర్తిగా పెరగలేకపోయింది, కానీ ఆ కణం పగిలి మంటను ఎగదోసింది. అదే పరిశోధనలో ఇంకో సంగతి తేలింది, మీ అక్క కోసం దాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో చెబుతాను.

స్పైక్ పాత్ర లేదని కాదు. అది మన కణం మీదున్న ఏస్2 అనే ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి దూరుతుంది. ఏస్2 మామూలుగా యాంజియోటెన్సిన్-2 అనే పదార్థాన్ని విరిచి చల్లబరుస్తుంది. ఏస్2 తగ్గితే ఆ పదార్థం పేరుకుని రక్తనాళాలను బిగిస్తుంది, మంటను పెంచుతుంది. ఇక రక్తం గడ్డకట్టే సంగతి. 2024లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు స్పైక్ మన రక్తంలో గడ్డను కట్టే ఫైబ్రిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుందనీ, అలా ఏర్పడిన గడ్డ తొందరగా కరగదనీ, పైగా మంటను రేపుతుందనీ చూపించారు. గడ్డలు కడుతున్నాయని సూచించే డి-డైమర్ ఎక్కువుందని ఆస్పత్రిలో పొట్టకు రక్తం పలుచబడే ఇంజెక్షన్లు ఇచ్చారని రాశారు. ఇచ్చింది సరైన పనే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఇది రాయడం కష్టంగానే ఉంది, కానీ దాచను. డెక్సామెథసోన్ కోవిడ్‌లో ప్రాణాలు నిలబెట్టిన మందు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితం 2020 జూన్‌లో వచ్చింది. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మామూలు చికిత్సతో 28 రోజుల్లో 41.4 శాతం చనిపోతే, రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సాతో 29.3 శాతం చనిపోయారు. ఆక్సిజన్ మీదున్నవాళ్లలో 26.2 నుంచి 23.3కు తగ్గింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మాత్రం డెక్సా ఇచ్చినవాళ్లు 17.8 శాతం, ఇవ్వనివాళ్లు 14.0 శాతం చనిపోయారు. ఆ తేడా కాకతాళీయం కావచ్చునంత చిన్నదే, అయినా మేలు చేసిందని చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు. మందు ఒక్కటే, మోతాదు ఒక్కటే, జబ్బు ఏ దశలో ఉంటే ఇచ్చారన్నదే తేడా.

ఎందుకో పైన చెప్పినదాన్ని బట్టి మీకే తెలిసిపోతుంది. రెండో రోజున ఒంటికి కావాల్సింది డప్పు. వైరస్ దాన్ని సగం నొక్కేసింది. అదే రోజు స్టెరాయిడ్ ఇస్తే మిగిలిన సగాన్ని మనం నొక్కినట్టు. జ్వరం దిగుతుంది, ఆకలి వేస్తుంది, డాక్టర్ మంచోడు అనిపిస్తుంది. వైరస్ మాత్రం అడ్డు లేకుండా పెరుగుతుంది. ఎనిమిదో రోజున, మంట చెలరేగి ఆక్సిజన్ పడిపోతున్నప్పుడు ఇచ్చిన అదే డెక్సా మంటను అదుపు చేస్తుంది. ఆ లారీ డ్రైవర్‌కు చేరిన పూటే డెక్సా మొదలుపెట్టాం. పంతొమ్మిది రోజులు మంచం మీద ఉండి నడుచుకుంటూ ఇంటికి పోయాడు.

2021 మే మొదట్లో అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా తొలి రోజుల్లో స్టెరాయిడ్ వాడితే వైరస్ ఇంకా పెరుగుతుందని బహిరంగంగానే హెచ్చరించారు. కానీ అప్పటికే మన మండలాల్లో మెడికల్ షాపుల్లో ఆ గోలీలు జ్వరం బిళ్లల్లా అమ్ముడుపోతున్నాయి. వాటికి తోడు షుగర్ ఉన్నవాళ్లకు బ్లాక్ ఫంగస్ మొదలైంది, అదే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. కంటి కింద నొప్పి, ముక్కులోంచి నల్లటి చెక్కు వచ్చి చేరిన రోగులను చూసినప్పుడు నాకు పట్టరాని కోపం వచ్చేది.

అయితే మీ బావగారు ఆ ఇంజెక్షన్ వల్లే పోయారని నేను రాయను. స్టెరాయిడ్ ముట్టని మనుషులు కూడా ఎనిమిదో రోజున ఇలాగే కూలిపోయారు, రెండో రోజు వేయించుకుని కోలుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ ఇంజెక్షన్ తప్పు, ఆ గోలీలు తప్పు. ఆ మాట గట్టిగా రాస్తాను. ఇప్పటికీ మీ ఊళ్లో జ్వరానికి రెండో రోజే ఆ ఇంజెక్షన్ వేస్తుంటే వద్దని చెప్పండి, ఏ వైరల్ జ్వరానికైనా సరే.

మీ మేనల్లుడి సంగతి. అప్పుడు తొమ్మిదేళ్లు. ఇంట్లో అందరికీ కోవిడ్ వచ్చిపోయిన నెలకు జ్వరం, ఎర్రకళ్లు, కడుపునొప్పి, ఒంటి మీద దద్దు. వరంగల్‌లో ఖరీదైన ఇమ్యునోగ్లోబ్యులిన్ సీసాలు ఎక్కిస్తే తగ్గిందని రాశారు. మీరు రాసిన లక్షణాలు పిల్లల్లో కోవిడ్ తరువాత రెండు నుంచి ఆరు వారాలకు వచ్చే ఎంఐఎస్-సి అనే జబ్బువి. వైరస్ ప్రోటీన్ మన ఒంటిని ఎలా తప్పుదారి పట్టిస్తుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. 2024లో అమెరికా పరిశోధకులు ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో సుమారు మూడో వంతు మందిలో ఎస్‌ఎన్‌ఎక్స్8 అనే మన సొంత ప్రోటీన్ మీద యాంటీబాడీలు కనిపెట్టారు. వైరస్ న్యూక్లియోక్యాప్సిడ్‌లో ఒక చిన్న ముక్క, ఎస్‌ఎన్‌ఎక్స్8లో ఒక చిన్న ముక్క, రెండూ చాలా దగ్గర పోలికతో ఉంటాయి. దొంగను పట్టుకోమని ముక్కు గుర్తు చెప్పి పంపితే అదే ముక్కున్న ఇంటి మనిషిని పట్టుకొచ్చినట్టు. ఒకసారి తగ్గాక ఇది తిరగబెట్టడం చాలా అరుదు. అప్పట్లో గుండె స్కాన్‌లో ఏదైనా రాసి ఉంటే ఒకసారి పిల్లల గుండె డాక్టర్‌కు చూపించండి, లేకపోతే అబ్బాయిని ఆడుకోనివ్వండి.

ఇక అక్క టీకా. స్పైక్ విషమన్న మాటకు మూలం ల్యాబు ప్రయోగాలు. స్పైక్‌ను కణాల మీద పోస్తే టీఎల్‌ఆర్4 అనే గంట మోగిందని కొందరు రాశారు. కానీ ఆ గంట బాక్టీరియా గోడలోని ఎండోటాక్సిన్‌కు మోగేదే. ల్యాబులో తయారుచేసిన ప్రోటీన్లలో ఆ ఎండోటాక్సిన్ లేశమాత్రం కలిసినా అదే ఫలితం వస్తుంది. దాన్ని శుభ్రంగా తీసేసి చూస్తే కొన్ని ప్రయోగాల్లో స్పైక్ ప్రభావం కనబడకుండా పోయింది. అందుకే నేను ఈ టీఎల్‌ఆర్4 మాటను ఇంకా నమ్మను, ఫైబ్రిన్ మాటను నమ్ముతాను. అయినా జబ్బులో స్పైక్ ఒంటరిగా రాదు. డప్పు నొక్కే ఎన్‌ఎస్‌పీ1, ఓఆర్‌ఎఫ్6 వెంట వస్తాయి, వైరస్ కోట్లకు కోట్లు పెరుగుతుంది. టీకాలో ఆ పెరుగుదల లేదు.

అక్క వేసుకున్నది కోవాగ్జిన్ అని రాశారు. అది హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసింది. వైరస్‌ను చంపి ఇస్తారు, ఒంట్లో కొత్తగా స్పైక్ తయారవదు. ఇచ్చినంతే, కొన్నాళ్లకు అరిగిపోతుంది. కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లకు కణాలు కొద్ది రోజులు స్పైక్ తయారుచేస్తాయి. ఆ టీకాతో ఐరోపాలో లక్ష మందికి ఒకరిద్దరు చొప్పున వచ్చిన రక్తం గడ్డకట్టే జబ్బు నిజమే. కానీ దానికి కారణం స్పైక్ కాదు. టీకాలో వాహకంగా వాడిన అడినోవైరస్ మూలంగా పీఎఫ్4 అనే ప్రోటీన్ మీద పుట్టే యాంటీబాడీలు. అదీ టీకా తరువాత ఆరు వారాల లోపే బయటపడుతుంది, ఏళ్ల తరువాత కాదు. ఇందాక దాచిపెట్టిన సంగతి ఇదీ: ఆ మోనోసైట్ల పరిశోధనలో జబ్బు పడ్డవాళ్ల యాంటీబాడీలు వైరస్‌ను మోనోసైట్లలోకి మోసుకెళ్లాయి, ఎంఆర్‌ఎన్‌ఏ టీకా వేసుకున్నవాళ్లవి ఆ పని చేయలేదు.

చివరిగా, నాలుగో రోజే ఆస్పత్రికి తీసుకుపోకపోవడం తన తప్పేనని అక్క రోజూ ఏడుస్తోందని రాశారు. నాలుగో రోజు మీ బావగారిని నా దగ్గరికే తీసుకొచ్చినా, జ్వరం లేని, అన్నం తిన్న, ఆక్సిజన్ 97 ఉన్న మనిషిని నేనూ ఇంటికే పంపేవాణ్ని. వేలికి ఆక్సిమీటర్ పెట్టుకుంటూ ఉండమని చెప్పి పంపేవాణ్ని, అంతే. వీలైతే ఈ ఆదివారం ఆ కేస్ షీట్ పట్టుకుని అక్కను తీసుకుని రండి. ప్రతి పేజీ, ప్రతి అంకె కూర్చోబెట్టి చెబుతాను.